వ్యాసానికి మొదటి పేరా: ఇంట్లో మీరు చేయగల సాయం



పరీక్ష పేపర్లు దిద్దే ఇంగ్లిష్ టీచర్లకు బాగా అలవాటైపోయిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. ‘పొల్యూషన్ ఈజ్ ఎ బిగ్ ప్రాబ్లమ్ ఇన్ అవర్ కంట్రీ.’ ‘ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్ ఎవ్రీబడీ ఈజ్ బిజీ.’ ‘ఇన్ దిస్ ఎస్సే ఐ యామ్ గోయింగ్ టు రైట్ అబౌట్...’ ఒక పేపరు తర్వాత ఇంకో పేపరు, అదే మొదలు. స్పెల్లింగ్ తప్పు ఉండదు. గ్రామర్ తప్పు ఉండదు. కానీ ఆ వాక్యం చదివాక రాసింది ఎవరో తెలియదు, ఏం చెప్పబోతున్నారో తెలియదు. పైన రోల్ నంబర్ చెరిపేస్తే ఆ పేపరు క్లాసులో ఎవరిదైనా కావచ్చు.

అందుకే ఈ నెల మీతో వ్యాసంలో మొదటి పేరా గురించి, అంటే ఇంట్రడక్షన్ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ‘మాకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే, మేమేం చేయగలం’ అనుకుని దయచేసి పేజీ తిప్పేయకండి. మొదటి పేరాలో కష్టమైన పని ఇంగ్లిష్‌తో కాదు, ఆలోచనతో. ఏం చెప్పాలో తేలితే, దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో నేర్పడానికి మేమున్నాం. ఏం చెప్పాలో తేల్చుకునే పని మాత్రం ఇంట్లో, తెలుగులో, మీతో మాట్లాడుతూ చేస్తేనే బాగా జరుగుతుంది.

ఇది ఎక్కడెక్కడ పనికొస్తుంది?

ముందుగా మార్కుల సంగతి. సీబీఎస్ఈ పదో తరగతి ఇంగ్లిష్‌లో పిల్లలు 100 నుంచి 120 పదాల్లో ఉత్తరం, పేరాగ్రాఫ్ లాంటివి రాయాలి. అంత చిన్న జాగాలో మొదటి రెండు వాక్యాలు వృథా అయితే మిగిలేది తక్కువ. తర్వాత విదేశాల్లో చదవాలనుకుంటే ఐఈఎల్‌టీఎస్ రాయాల్సి రావచ్చు. అందులో ఒక ప్రశ్నకు కనీసం 250 పదాల వ్యాసం ఉంటుంది, దానికి 40 నిమిషాలు కేటాయించమంటారు. సివిల్స్ మెయిన్స్‌లో వ్యాసాలకే ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. మూడు గంటల్లో రెండు వ్యాసాలు, మొత్తం 250 మార్కులు. అంటే ఏడో తరగతిలో మొదలయ్యే ఈ అవసరం ఉద్యోగం వచ్చేదాకా వెంట ఉంటుంది.

ఇంగ్లిష్‌లో రాసి మెప్పించడం మన ప్రాంతంవాళ్లకు కొత్త కూడా కాదు. నెల్లూరుకు చెందిన దంపూరు నరసయ్య గారు 1881లోనే మద్రాసులో ‘పీపుల్స్ ఫ్రెండ్’ అనే ఇంగ్లిష్ వారపత్రిక నడిపారు. కోచింగులు, గైడ్లు లేని రోజులవి.

తహసీల్దారు గారికి అర్జీ

మొదటి పేరా ఎలా ఉండాలో అర్థం కావడానికి మీకు బాగా తెలిసిన రాతనే తీసుకుందాం. పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, సరిచేయమని తహసీల్దారు గారికి అర్జీ పెట్టాలి. మీరెలా మొదలుపెడతారు? పైనే ‘విషయం’ అని రాసి, పని ఏమిటో ఒక్క ముక్కలో చెబుతారు. కింద ఊరు, సర్వే నంబరు, తప్పు ఎక్కడ జరిగిందో రాస్తారు. అంతే తప్ప ‘భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం, రైతు దేశానికి వెన్నెముక’ అని అర్జీ మొదలుపెట్టరు. అలా పెడితే ఆఫీసులో చదివేవాళ్లకు మీరెందుకు వచ్చారో అర్థం కాదు.

మన పిల్లలు రాస్తున్న ఇంట్రడక్షన్లు చాలావరకు ఆ రెండో రకం అర్జీలే. రైతు వెన్నెముక అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ అర్జీకి అది అవసరం లేదు. వ్యాసంలోనూ అంతే. నిజమైన వాక్యం రాస్తే చాలదు, ఈ వ్యాసానికి పనికొచ్చే వాక్యం రాయాలి.

మొదటి పేరా చేయాల్సిన మూడు పనులు

ఒకటి, పిలుపు. చదివేవారిని విషయం దగ్గరికి తీసుకొచ్చే ఒకటి రెండు వాక్యాలు.

రెండు, పరిచయం. ఏ విషయం, ఎక్కడ, ఎవరికి సంబంధించింది అన్న కనీస సమాచారం. విషయం ఎంత పెద్దదైనా ఇక్కడ దాన్ని చిన్నది చేసుకోవాలి. ‘కాలుష్యం’ మీద 200 పదాల్లో ఎవరూ రాయలేరు. ‘మా ఊరి కాలవలో నీళ్లు’ మీద రాయగలరు.

మూడు, మాట. ఈ విషయం మీద నేను చెప్పదలచుకున్నది ఏమిటి? అర్జీలో ‘విషయం’ లాంటిది ఇదే. పెద్ద క్లాసుల్లో దీన్ని థీసిస్ అంటారు. మొదటి పేరాలో చివరి వాక్యంగా ఇది ఉంటే, తర్వాతి పేరాలన్నీ దాన్ని నిరూపించడానికే వస్తాయి.

పిలుపు బాగుండి మాట లేకపోతే అది కథ మొదలైనట్టు ఉంటుంది, వ్యాసం మొదలైనట్టు ఉండదు. మాట ఉండి పిలుపు లేకపోతే పొడిగా ఉంటుంది కానీ తప్పు కాదు. కాబట్టి మీ పిల్లలు రెండింటిలో ఒకటే చేయగలిగితే, ముందు మాటను నేర్చుకోనివ్వండి.

పులికాట్ మీద రెండు పేరాలు

మన పక్కనే ఉన్న పులికాట్ సరస్సు మీద వ్యాసం అనుకుందాం. చాలామంది ఇలా మొదలుపెడతారు:

‘పులికాట్ ఒక అందమైన సరస్సు. అది చాలా పెద్దది. అక్కడికి చాలా పక్షులు వస్తాయి. ప్రకృతి దేవుడు మనకిచ్చిన వరం. ప్రకృతిని మనమందరం కాపాడుకోవాలి.’

ఇందులో పులికాట్ పేరు తీసి కొల్లేరు అని పెట్టండి. ఒక్క అక్షరం మార్చాల్సిన పని ఉండదు. అదే ఈ పేరాలోని లోపం. ఇప్పుడు ఇది చూడండి:

‘చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద బండ్లు ఆగుతాయి. అందరూ నీళ్లలో నిలబడిన ఫ్లెమింగోలను ఫొటోలు తీస్తారు. అదే సరస్సులో వల వేసే మనిషిని ఎవరూ ఫొటో తీయరు. దేశంలో చిల్కా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. సముద్రపు నీళ్లు వచ్చిపోయే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపలు తగ్గుతాయి. చేపలు తగ్గితే జాలరికీ నష్టమే, చేపలు తిని బతికే గూడబాతులకూ నష్టమే. అందుకే పులికాట్‌ను కాపాడాలంటే ముందుగా ఆ ముఖద్వారాలు పూడకుండా చూడాలి.’

మొదటి మూడు వాక్యాలు పిలుపు. నాలుగోది పరిచయం. తర్వాతి రెండూ కారణం. చివరిది మాట. ఇది చదివినవారికి ముందు ఏం రాబోతోందో తెలిసిపోతుంది: ముఖద్వారాలు ఎందుకు పూడుతున్నాయి, జాలర్ల బతుకు ఎలా ఉంది, పక్షుల పరిస్థితి ఏమిటి. రాసే పిల్లలకు కూడా దారి దొరికింది. రెండో పేరాలో ఏం రాయాలా అని పెన్ను కొరుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ఇందులో కష్టమైన ఇంగ్లిష్ మాట ఏదైనా ఉందంటే అది ‘ముఖద్వారం’ ఒక్కటే. అది మేము చెబుతాం.

మొదలుపెట్టడానికి ఐదు దారులు

చూసిన దృశ్యం. మన పిల్లలకు దేవుడిచ్చిన సౌకర్యం ఒకటుంది. రాకెట్ లేచినప్పుడు మిగతా ఊళ్ల పిల్లలు టీవీలో చూస్తారు, ఈ ప్రాంతం పిల్లలు మిద్దె ఎక్కి చూడగలరు. అంతరిక్షం మీద వ్యాసం అయితే ఆ చూసిందే పిలుపు. అయితే రెండు మూడు వాక్యాలకు మించకూడదు, మించితే వ్యాసం కథలోకి జారిపోతుంది.

అంకె, తేదీ. ‘1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. 2023 జులై 14న అక్కడి నుంచే బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది.’ రెండు తేదీలు పక్కపక్కన పెడితే యాభై ఏళ్ల శ్రమ దానంతట అదే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: తెలియని అంకె రాయకూడదు. ‘90 శాతం మంది’ అని పిల్లలు అలవాటుగా రాసేస్తారు. ‘ఎక్కడ చదివావు?’ అని మీరు ఒక్కసారి అడిగితే చాలు, ఆ అలవాటు పోతుంది.

ఎదురుబొదురు. రెండు పొసగని సంగతులు పక్కన పెట్టడం. ‘మా ఊరి చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం క్యాన్ కొనుక్కోవాలి.’ నీటి మీద ఏ వ్యాసానికైనా ఇంతకంటే మంచి మొదలు గైడ్‌లో దొరకదు.

సామెత. పొదుపు మీద రాయాలంటే ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అన్నదాన్ని పిల్లల్నే ఇంగ్లిష్‌లోకి మార్చమనండి. అందరూ రాసే ఇంగ్లిష్ సామెత కంటే ఇది కొత్తగా ఉంటుంది, దిద్దేవారు ఆగి చదువుతారు. మహనీయుల సూక్తుల విషయంలో మాత్రం జాగ్రత్త. అబ్దుల్ కలాం గారు, వివేకానందుడు అనని మాటలు ఎన్నో వాళ్ల పేర్లతో వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఖాయంగా తెలియకపోతే వదిలేయడం మేలు.

ప్రశ్న. ఇది చాలా సులువుగా కనిపిస్తుంది, అందుకే ఎక్కువ పాడవుతుంది. ‘కాలుష్యం అంటే మీకు తెలుసా?’ అని అడిగితే చదివేవారు ‘తెలుసు’ అనుకుంటారు, అక్కడితో అయిపోతుంది. వెంటనే జవాబు తట్టని ప్రశ్న అయితేనే వాడాలి. ‘వాడేసిన పాల ప్యాకెట్టు మన ఇంట్లోంచి ఎక్కడికి పోతుంది?’ అన్నది అలాంటి ప్రశ్న.

పెన్ను పట్టకముందు మూడు ప్రశ్నలు

ఇక మీ పని. వ్యాసం హోంవర్క్ ఇచ్చిన రోజు మీరు చేయాల్సింది ఈ మూడు ప్రశ్నలు అడగడమే. దీని గురించి నువ్వు కళ్లారా చూసింది ఏమిటి? అలా ఎందుకు జరుగుతోందనుకుంటున్నావు? అయితే ఏం చేయాలంటావు? మొదటిదానికి వచ్చే జవాబు పిలుపు, రెండోది పరిచయం, మూడోది మాట.

ఉదాహరణకు ఎనిమిదో తరగతి అమ్మాయికి నీటి కాలుష్యం మీద వ్యాసం ఇచ్చారనుకోండి. వాళ్ల నాన్న రొయ్యలు సాగు చేస్తారు. ఆ ఇంట్లో మాటలు ఇలా సాగవచ్చు:

‘మనూళ్లో నీళ్ల గురించి నువ్వు చూసింది ఏందో ఒకటి చెప్పమ్మా.’

‘అవ్వోళ్ల ఇంటికాడ బోరు నీళ్లు ముందు తియ్యంగా ఉండేవి గదా నాయనా. ఇప్పుడు ఉప్పగా ఉండాయి. పప్పు ఉడకడంలేదంటది అవ్వ.’

‘ఎందుకంటావు?’

‘గుంటలు ఎక్కువైనాయి. ఆ ఉప్పునీళ్లు కాలవలోకి వదులుతుండారు.’

‘మనకూ గుంట ఉంది గదమ్మా. అయితే గుంటలే వద్దంటావా?’

‘వద్దని అనను. నా ఫీజు కూడా దాంట్లోనించే గదా వచ్చేది. నీళ్లు వదిలే ముందు శుభ్రం చేయాలంటా, అంతే.’

ఐదు నిమిషాలు కూడా పట్టని మాటలు. ఒక్క ఇంగ్లిష్ ముక్క లేదు. కానీ ఇంట్రడక్షన్ తయారైపోయింది:

‘మా అవ్వ ఇంటి బోరు నీళ్లు ఒకప్పుడు తియ్యగా ఉండేవి. ఇప్పుడు ఆ నీళ్లతో పప్పు ఉడకదు. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాయి. మా నాన్నకూ ఒక గుంట ఉంది, నా స్కూలు ఫీజు అందులోనుంచే వస్తుంది. కాబట్టి గుంటలు మూసేయాలని నేను అనను. కానీ వాడిన ఉప్పునీటిని శుభ్రం చేయకుండా కాలవలోకి వదలడం మాత్రం ఆపాలి.’

దీన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి ఎనిమిదో తరగతి పిల్లలకు వచ్చిన మాటలు చాలు. గ్రామర్ తప్పులు రెండు మూడు వస్తాయి, రానివ్వండి. రాస్తున్నప్పుడు మధ్యలో ఆపి స్పెల్లింగ్ దిద్దకండి. అలా చేస్తే చెప్పాలనుకున్నది మరిచిపోతారు. దిద్దే పని మాది.

పిల్లల మాట మనకు నచ్చకపోతే

పై పేరా చదివిన తండ్రికి మనసులో కొంచెం ఇబ్బంది కలగవచ్చు. ‘ఇంటి సంగతులు స్కూల్లో ఎందుకు, గైడ్‌లో ఉన్నది రాయమ్మా’ అనాలనిపించవచ్చు. ఇక్కడే మిమ్మల్ని ఒక్క నిమిషం ఆగమని కోరుతున్నాను.

తీరప్రాంతంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు ఈ సాగు కోసం ప్రత్యేకంగా చట్టం చేసి అథారిటీని ఏర్పాటు చేసింది. పెద్ద పెద్ద న్యాయవాదులు, శాస్త్రవేత్తలు వాదించిన విషయం ఇది. ఆ వాదనలో రెండు వైపులూ తెలిసినది గుంట గట్టు మీద పెరిగిన పిల్లలకే. అవ్వ పప్పు కుండా తెలుసు, నాన్న అప్పూ తెలుసు. ఆ పిల్లలు రాయగలిగిన వాక్యం ఏ నగరం పిల్లలూ రాయలేరు.

అలాంటి మాటను మనం కొట్టేయిస్తే ఒక వ్యాసంతో పోదు. రాత అంటే ఎవరూ నమ్మని మాటలు అందంగా పేర్చడమేనని పిల్లలు అనుకుంటారు. మెల్లగా క్లాసులో చెయ్యెత్తడం కూడా మానేస్తారు. పిల్లల మాట తప్పనిపిస్తే మీరు వాదించండి, ‘మరి దీనికి ఏం జవాబు చెబుతావు?’ అని అడగండి. ఆ జవాబే వ్యాసంలో మూడో పేరా అవుతుంది. ఇంట్లో ఎవరి ఆరోగ్యమో, గొడవలో బయటికి రాకూడదనిపిస్తే ఆ సంగతి పక్కన పెట్టి ఇంకో ఉదాహరణ ఎంచుకోమనండి. అది సబబే. కానీ అభిప్రాయాన్ని మాత్రం పిల్లలకే వదిలేయండి.

‘ఎస్సే’ అన్న మాటకు మూలం ‘ప్రయత్నం’ అనే అర్థమున్న ఫ్రెంచి పదం. 1580లో మొంటేన్ అనే ఫ్రెంచి రచయిత తన పుస్తకానికి ఆ పేరు పెట్టుకున్నాడు. తన ఆలోచనను తానే పరీక్షించి చూసుకోవడం అన్నమాట. గైడ్ నుంచి ఎత్తి రాస్తే ఆ ప్రయత్నమే ఉండదు.

గైడు, ఫోను

ఇప్పుడు గైడు కంటే ఫోను సులువు. ఏఐ యాప్‌ను అడిగితే పది క్షణాల్లో నున్నటి ఇంట్రడక్షన్ వస్తుంది. అందులో గ్రామర్ తప్పులు దాదాపు ఉండవు, అవ్వ బోరు నీళ్లూ ఉండవు. పరీక్ష హాల్లో ఫోను ఉండదన్నది ఒక సంగతి. ఆలోచించే కష్టం అలవాటు కాకపోవడం అంతకంటే పెద్ద సంగతి. ఫోను పూర్తిగా వద్దని నేను అనను. పిల్లలు సొంతంగా రాశాక ఒక పదానికి అర్థం, స్పెల్లింగ్ చూసుకోవడానికి ఇవ్వండి. రాయకముందు ఇవ్వకండి.

పరీక్ష హాల్లో

టైము తక్కువ కాబట్టి పిల్లలకు ఈ వరస చెప్పండి. ముందు రఫ్ వర్క్ జాగాలో ‘మాట’ ఒక్క వాక్యం రాసుకోవాలి. దాని కింద రెండు కారణాలు, ముక్కలు ముక్కలుగా. ఆ తర్వాతే మొదటి పేరా. దీనికి మూడు నాలుగు నిమిషాలు చాలు. పొడవు విషయంలో వ్యాసంలో పదోవంతు నుంచి ఆరోవంతు దాకా ఇంట్రడక్షన్ ఉండవచ్చు. 120 పదాలైతే ఒకటి రెండు వాక్యాలు, 300 పదాలైతే నలభై యాభై పదాలు. అయిదో తరగతి లోపు పిల్లలకు ఈ లెక్కలేమీ వద్దు. ‘చూసింది ఒకటి చెప్పు’ అన్న మొదటి ప్రశ్న ఒక్కటే చాలు.

ఈ నెల ఇంటిపని

ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఈ నెల పూర్తి వ్యాసాలు ఇవ్వడం లేదు. ఐదు విషయాలకు మొదటి పేరాలు మాత్రమే రాయాలి: మా ఊరి బస్సు, తుఫాను హెచ్చరిక, మొబైల్ ఫోను, మా ఇంటి వంట, నేలపట్టు పక్షులు. వారానికి రెండు మించకుండా రాయించండి. ప్రతిదానికీ ముందు మూడు ప్రశ్నలు మీరు అడగాలి. నాన్న గుంటల కాడికి పోయి రావడం ఆలస్యమైతే అమ్మ, అమ్మకు పని ఉంటే తాత, ఎవరైనా అడగవచ్చు. అన్నాలు తినేటప్పుడు అడిగినా సరిపోతుంది.

రాసిన పేరా కింద, ఆ ప్రశ్నలు ఎవరు అడిగారో వాళ్ల సంతకం చేయించండి. సంతకం రాకపోతే వేలిముద్ర అయినా పరవాలేదు. ఇంగ్లిష్ నోటుబుక్కులో అది ఉండటం మాకు సంతోషమే.

ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం, చిట్టమూరు